గోడల మధ్య పెరిగిన ఊరు: మల్కాపురం నుంచి గాజువాక దాకా ఒక కేస్ స్టడీ

పటంలో అది ఆకుపచ్చ గీత. పక్కన ‘తరలింపు మార్గం’ అని రాసి ఉంది. ప్రమాద సైరన్ మోగితే ఆ చుట్టుపక్కల వీధుల జనం ఆ గీత వెంట నడిచి జాతీయ రహదారికి చేరుకోవాలి. ఒక సాయంత్రం ఆ దారిన నడిచి చూద్దామని బయల్దేరాను. మొదట్లో వీధి బాగానే ఉంది. కొంత దూరం పోయాక సన్నబడింది. రెండు ఆటోలు ఎదురైతే ఒకటి వెనక్కి వెళ్లాల్సిందే. తర్వాత ఒక మలుపు. మలుపు తిరిగితే నిలువెత్తు ప్రహరీ గోడ, దాని మీద ముళ్ల తీగ, మధ్యలో చిన్న ఇనుప తలుపు, తలుపుకు తుప్పు పట్టిన తాళం. అవతల ఒక సంస్థ ఖాళీ స్థలం, ఆ స్థలం దాటితే రహదారి. గోడ పక్కన బడ్డీ కొట్టు నడుపుతున్న పెద్దాయనను అడిగాను. తాను కొట్టు పెట్టి పదకొండేళ్లయిందని, ఆ తాళం తీయడం ఒక్కసారి కూడా చూడలేదని చెప్పారు.

నాది పట్టణ ప్రణాళిక వృత్తి. విశాఖపట్నం పారిశ్రామిక ప్రాంతంలో కొన్ని వార్డులకు విపత్తు ప్రణాళిక తయారవుతున్నప్పుడు నేపథ్య నివేదిక రాసే పని మా చిన్న బృందానికి అప్పగించారు. గీత గీసినవారు అజాగ్రత్తగా ఉన్నారని రాసి, ఆ గీతను పక్క వీధిలోకి జరిపితే మా పని అయిపోయేది. కానీ పక్క వీధి కూడా గోడ దగ్గరే ఆగింది. దాని పక్కది కూడా. లక్షల మంది నివసించే చోట ఇన్ని వీధులు గోడలకు తగిలి ఆగిపోవడానికి కారణం వెతకాలంటే ఈ ఊరు ఎలా పుట్టిందో మొదటి నుంచి చూడాలి. అందుకే నివేదికలో సగం చరిత్రే అయింది. అది అవసరమని అప్పుడూ వాదించాను, ఇప్పుడూ నమ్ముతున్నాను.

నేల తీరు

ఉత్తరాన సింహాచలం కొండలు, దక్షిణాన యారాడ కొండ. ఆ కొండ కొస సముద్రంలోకి పొడుచుకు వచ్చిన చోటే డాల్ఫిన్ నోస్. రెండింటి మధ్య ఒకప్పుడు ఆటుపోట్లతో నిండి ఖాళీ అయ్యే బురద నేల. మేఘాద్రి గెడ్డ అనే వాగు నీరు ఆ నేల మీదుగా ఉప్పుటేరులో పడి సముద్రంలో కలిసేది. ఓడరేవు కట్టే ఇంజినీరుకు ఇంతకంటే మంచి చోటు దొరకదు: కొండ చాటు, లోపలికి చొచ్చుకువచ్చిన నీరు, తవ్వడానికి మెత్తని మన్ను. ఊరు కట్టేవారికి మాత్రం ఇదే నేల పరీక్ష పెడుతుంది. రెండు వైపుల కొండల నుంచి వాన నీరు ఇక్కడికే దిగుతుంది. గాలి కదలని చలికాలపు ఉదయాల్లో పొగ కూడా ఈ గిన్నెలోనే నిలుస్తుంది. తర్వాతి తొంభై ఏళ్లలో ఇక్కడికి వచ్చిన ప్రతి పరిశ్రమా ఈ నేల మంచిని వాడుకుంది. దాని కష్టం మాత్రం గోడ అవతల ఉన్నవారికి మిగిలింది.

ఓడరేవు పని 1927లో మొదలైంది. తవ్విన మన్నుతో చుట్టూ ఉన్న బురద నేలను మెరక చేశారు. అలల తాకిడిని ఆపడానికి డాల్ఫిన్ నోస్ దగ్గర రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్టలో భాగం చేశారు. 1933 అక్టోబరు 7న ‘జలదుర్గ’ అనే ఓడ మొదటిసారి లోపలికి వచ్చింది. డిసెంబరు 19న వైస్రాయ్ విల్లింగ్డన్ లాంఛనంగా ప్రారంభించారు. అంతకు రెండేళ్ల ముందే, 1931లో, రాయపూర్–విజయనగరం రైలు మార్గం పూర్తయింది. మధ్య పరగణాల మాంగనీసు ఖనిజం ఆ పట్టాల మీదుగా వచ్చి ఓడ ఎక్కాలి. ఈ ప్రాంతపు మొదటి ప్లాను ఆ ఖనిజం కోసం గీసినదే. అందులో రైలు ఎక్కడ తిరగాలో, ఓడ ఎక్కడ ఆగాలో ఉంది. కూలీలు ఎక్కడ ఉండాలన్నది వాళ్లకే వదిలేశారు.

గేటుకొక ఊరు

సింధియా బస్టాపులో దిగితే ఇప్పుడు అక్కడ ఆ పేరుతో ఏ కంపెనీ కనిపించదు. వాల్‌చంద్ హీరాచంద్ ఆధ్వర్యంలోని సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడల నిర్మాణ కేంద్రానికి 1941 జూన్ 21న బాబూ రాజేంద్ర ప్రసాద్ ఇక్కడ శంకుస్థాపన చేశారు. పది నెలలు తిరగకుండానే, 1942 ఏప్రిల్ 6న, జపాను విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. యుద్ధం ముగిశాక 1948 మార్చి 14న ‘జల ఉష’ను జవహర్‌లాల్ నెహ్రూ నీళ్లలోకి దింపారు. స్వతంత్ర భారతంలో కట్టిన మొదటి పెద్ద ఓడ అది. 1952లో హిందుస్థాన్ షిప్‌యార్డ్ ఏర్పడింది. డెబ్బై ఏళ్లు దాటినా కండక్టరు పిలుపులో సింధియా పేరు పోలేదు. నా పనిలో ఇలాంటి పేర్లు సర్వే పటాలంత ఉపయోగపడ్డాయి. ప్రభుత్వ రికార్డులో ఊరి పేరు ఒకటి ఉంటుంది, జనం నోట కంపెనీ గేటు పేరు ఉంటుంది. రెండూ పక్కపక్కన రాసుకుంటే ఏ వీధి ఏ గేటు కోసం పుట్టిందో తెలుస్తుంది.

ఓడలు కట్టడానికి వడ్రంగులు, రివెట్లు కొట్టేవారు, వెల్డర్లు కావాలి. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి, ఒడిశా నుంచి మనుషులు వచ్చారు. క్వార్టర్లు దొరికినవారు లోపల ఉన్నారు. దొరకనివారు మల్కాపురంలో ఒక గది అద్దెకు తీసుకున్నారు. ఒక గది రెండయింది, రెండు గదులు వరసయ్యాయి, వరస వీధయింది. ఈ వీధుల వెడల్పును ఏ ఇంజినీరూ నిర్ణయించలేదు. పొలం గట్టు ఎంత ఉంటే వీధి అంత. పొలాల కొలతలు చూపే పాత ఎఫ్‌ఎంబీ పటాన్ని ఇప్పటి ఉపగ్రహ చిత్రం మీద పరిచి చూసినప్పుడు మా బృందంలోని కుర్ర ఇంజినీరు కాసేపు మాట్లాడలేదు. పాత గట్ల వంకరలే నేటి సందులు.

1957లో కాల్టెక్స్ చమురు శుద్ధి కర్మాగారం వచ్చింది. అప్పటి సామర్థ్యం ఏడాదికి 6.75 లక్షల టన్నులు. ప్రభుత్వం స్వాధీనం చేసుకున్నాక 1978లో అది హిందుస్థాన్ పెట్రోలియంలో కలిసింది. విస్తరణల తర్వాత సామర్థ్యం 83 లక్షల టన్నులకు పెరిగింది. ఇటీవలి ఆధునికీకరణ లక్ష్యం 150 లక్షల టన్నులు. అంటే మొదటిదానికి ఇరవై రెట్ల పైమాటే. గోడకు ఇవతలి మల్కాపురం, శ్రీహరిపురం వీధుల వెడల్పు అలాగే ఉంది. ఈ ఒక్క పోలికే సమావేశాల్లో నాకు అన్నిటికంటే ఎక్కువగా పనికొచ్చింది. లోపలి పరిమాణం ప్రతి విస్తరణకూ మారింది. దానికి తగ్గట్టు బయట ఎంత ఖాళీ ఉండాలన్న లెక్క మాత్రం మారలేదు.

తర్వాతి పదిహేనేళ్లూ వరసగా నిర్మాణాలే. 1961లో గోపాలపట్నం వైపు హిందుస్థాన్ పాలిమర్స్, 1966లో భారీ పరికరాలు తయారుచేసే బీహెచ్‌పీవీ, 1967లో కోరమాండల్ ఎరువుల కర్మాగారం, 1968లో తూర్పు నౌకాదళ కమాండ్, 1970లలో మింది దగ్గర జింక్ కర్మాగారం, 1976లో ఔటర్ హార్బర్. సింధియా నుంచి శ్రీహరిపురం మీదుగా వచ్చే రోడ్డు, ఎన్ఏడీ కూడలి నుంచి వచ్చే జాతీయ రహదారి గాజువాకలో కలుస్తాయి. రెండు రోడ్ల పొడవునా గోడలు లేచాయి. ఒక గోడ ముగిసిన చోటికీ ఇంకో గోడ మొదలైన చోటికీ మధ్య మిగిలిన నేల మీదే జనం ఇళ్లు కట్టుకున్నారు.

ఇరవై ఒక్క ఏళ్ల విరామం

ఉక్కు కర్మాగారం కథ తెలుగువారిలో తెలియనివారు తక్కువ. 1966లో టి. అమృతరావు నిరాహార దీక్ష, ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ నినాదం, నవంబరు 1న విశాఖలో కాల్పులు, రాష్ట్రమంతటా కలిపి 32 మంది ప్రాణత్యాగం. 1970 ఏప్రిల్ 17న ఇందిరా గాంధీ పార్లమెంటులో ప్రకటన, 1971 జనవరి 20న శంకుస్థాపన. ఈ పోరాటం మీద నాకు ఎంత గౌరవం ఉందో మాటల్లో చెప్పలేను. ఆ గౌరవంతోనే ప్రణాళిక రాసేవాడిగా ఇంకో రెండు తేదీలను దాని పక్కన పెడుతున్నాను. రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ ఏర్పడింది 1982లో. కర్మాగారాన్ని జాతికి అంకితం చేసింది 1992 ఆగస్టు 1న. శంకుస్థాపన నుంచి అంకితం దాకా 21 ఏళ్లు. గాజువాక ఇప్పటి రూపం చాలావరకు ఆ విరామంలోనే తయారైంది.

దాదాపు 22 వేల ఎకరాలు, 64 గ్రామాలు. భూమి ముందు పోయింది, పని తర్వాత వచ్చింది. మధ్యలో ఒక తరం పెరిగి పెద్దదైంది. ఇల్లు కోల్పోయిన కుటుంబాలకు ఆర్‌ కార్డు ఇచ్చారు. అది చూపిస్తే కర్మాగారంలో ఉద్యోగం అన్నది మాట. సుమారు 16 వేల కార్డుల్లో దాదాపు సగానికే ఆ మాట నిలిచింది.

ఒక పునరావాస కాలనీలో ఇంటింటి సర్వే చేస్తున్నప్పుడు ఒక పెద్దావిడ మమ్మల్ని కూర్చోబెట్టి, మంచం కింది ట్రంకు పెట్టె బయటికి లాగారు. పట్టు చీర మడతల్లోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీశారు. అందులో మామగారి పేరున ఉన్న ఆర్‌ కార్డు. మడతల దగ్గర చిరిగితే వెనక అన్నం మెతుకులతో కాగితం అతికించారు. ఆ అతుకు కూడా పసుపు రంగుకు తిరిగింది.

“మా ఆయన దీన్ని పట్టుకుని తిరిగారు. తర్వాత మా వాడు తిరిగాడు. ఇప్పుడు వాడికే యాభై దాటింది బాబూ” అన్నారు.

ఊరు ఎక్కడుండేదమ్మా అని అడిగాను. కర్మాగారం వైపు చెయ్యి చూపించారు. “మా ఇల్లు ఉన్నచోట ఇప్పుడు ఏముందో నాకు తెలియదు. లోపలికి వెళ్లి చూసింది లేదు. మా ఊరి పేరుతో బస్సు కూడా లేదు.”

సర్వే ఫారంలో ‘స్వగ్రామం’ అన్న గడి ఉంది. ఆమె చెప్పిన పేరు రాసుకున్నాను. ఆ సాయంత్రం రెవెన్యూ గ్రామాల జాబితాలో వెతికితే పేరు ఉంది, ఎదురుగా ఇళ్ల సంఖ్య సున్నా.

పెదగంట్యాడ, వడ్లపూడి, అగనంపూడి వైపు వెలిసిన పునరావాస కాలనీలకు ఒక విషయంలో మంచి జరిగింది. ఈ శివారులో గీత గీసి వీధులు వేసినవి అవే. కానీ ఒక కుటుంబానికి ఒక స్థలం అన్న లెక్క ఒక్క తరానికే సరిపోయింది. కొడుకులు వేరుపడ్డప్పుడు అదే స్థలంలో గోడ కట్టి రెండు చేశారు, తర్వాత మీద అంతస్తు లేపారు. పశువులకు చోటు లేదు, తాటిచెట్లు లేవు, మేతకు బీడు లేదు. పల్లెలో బతుకుకు ఆసరాగా ఉన్న ఖాళీ నేలను పరిహారం లెక్కల్లో ఎవరూ కొలవలేదు.

అదే కాలంలో గోడ లోపల ఉక్కునగరం తయారైంది. వెడల్పాటి రోడ్లు, చెట్ల వరసలు, ఆసుపత్రి, ఆటస్థలాలు. దాన్ని చూసిన ప్రతిసారీ నాకు సంతోషమే కలుగుతుంది. మన ఇంజినీర్లకు మంచి ఊరు కట్టడం వచ్చని అది రుజువు చేస్తుంది. కూర్మన్నపాలెం గేటు దాటి బయటికి రాగానే ఆ చెట్ల వరస ఆగిపోతుంది. 1990లో ‘గోదావరి’, 1992లో ‘కృష్ణ’ బ్లాస్ట్ ఫర్నేసులు వెలిగాక గాజువాక మార్కెట్టు ఊపందుకుంది. బట్టల కొట్లు, బంగారం కొట్లు, బ్యాంకులు, కోచింగ్ సెంటర్లు వచ్చాయి. ఆటోనగర్‌లో చిన్న పరిశ్రమలు పెరిగాయి. 2001 జనాభా లెక్కల నాటికే గాజువాక పురపాలక సంఘంలో రెండున్నర లక్షలకు పైగా జనం ఉన్నారు. 2005లో అది మహా విశాఖ నగరపాలక సంస్థలో కలిసింది. 2009లో గంగవరం ఓడరేవు తెరుచుకుంది. అందులో ఉక్కు కర్మాగారం కోసం సేకరించిన భూమి కొంత ఉంది. ఒక అవసరం పేరుతో తీసుకున్న నేల ఇంకో అవసరానికి మారినప్పుడు, మొదట ఇచ్చిన కుటుంబాన్ని మళ్లీ అడగాలన్న నియమం అప్పట్లో లేదు. 2021 జనవరిలో ఉక్కు కర్మాగారం నుంచి ప్రభుత్వ పెట్టుబడుల ఉపసంహరణ నిర్ణయం వచ్చాక కూర్మన్నపాలెం దీక్షా శిబిరంలో నిర్వాసితులు కూడా వచ్చి కూర్చోవడానికి కారణం అదే. ఆ భూమికి బదులుగా తమకిచ్చిన మాట ఇంకా చెల్లలేదని వారి లెక్క.

1997 సెప్టెంబరు 14

ఆదివారం తెల్లవారుజామున హిందుస్థాన్ పెట్రోలియం రిఫైనరీలో ద్రవరూప వంటగ్యాస్ లీకై అంటుకుంది. ఓడ నుంచి గ్యాసును నిల్వ గోళాల్లోకి ఎక్కించే పని జరుగుతోంది. పేలుళ్లకు కార్యాలయ భవనాలు కూలాయి, ట్యాంకులు వరసగా మండాయి. సుమారు 60 మంది చనిపోయారు. ఆకాశం నల్లబడింది. మల్కాపురం, శ్రీహరిపురం, గాజువాక జనం కట్టుబట్టలతో రోడ్డెక్కారు.

ఆ రోజును చూసినవారిని మేము ఒక్కటే అడిగాం: ఏ వైపు వెళ్లారు? కొందరు సింధియా వైపు, కొందరు గాజువాక వైపు, కొందరు యారాడ కొండ వైపు. ఇద్దరు అన్నదమ్ములు ఎదురెదురు దిక్కులకు వెళ్లి, రెండో రోజు గానీ ఒకరి జాడ ఒకరికి తెలియని ఇల్లు ఒకటి ఉంది. ఆ జవాబులన్నీ పటం మీద బాణాలుగా గీశాం. అన్ని బాణాలూ చివరికి రెండే రోడ్లలో పడ్డాయి. మధ్యలో అడ్డంగా వెళ్లే దారి ఒక్కటి కూడా లేదు. ఎందుకంటే అడ్డంగా ఉన్నవన్నీ గోడలే.

2020 మే 7న తెల్లవారుజామున గోపాలపట్నం దగ్గరి ఆర్‌.ఆర్‌. వెంకటాపురంలో కర్మాగారం నుంచి లీకైన స్టైరిన్ రసాయనపు ఆవిరి 12 మంది ప్రాణాలు తీసినప్పుడు ఇదే పటం నా కళ్ల ముందు కదిలింది. ఆ కర్మాగారం 1961 నాటి హిందుస్థాన్ పాలిమర్సే, తర్వాత ఎల్జీ పాలిమర్స్ అయింది. ఇళ్లు దాని గోడ దాకా వచ్చాయి. ఇళ్లు తర్వాత వచ్చాయి కాబట్టి తప్పు ఇళ్లవారిదే అనే మాట చాలా చోట్ల విన్నాను. నేను ఒప్పుకోను. లేఅవుటుకు అనుమతి ఇచ్చినది ప్రభుత్వ యంత్రాంగం, కరెంటు మీటరు పెట్టినదీ, పన్ను రశీదు ఇచ్చినదీ అదే. అద్దె తక్కువ ఉన్నచోట ఇల్లు తీసుకున్న కూలీ మీద ఆ భారం వేయడం న్యాయం కాదు.

మేము రాసింది, జరిగింది

గోడలు జనాన్ని ఆపినట్టే నీటినీ ఆపుతున్నాయి. ఒక చోట కొండ నుంచి దిగే గెడ్డ వెంట టేపు పట్టుకుని నడిచాం. ఇళ్ల మధ్య గెడ్డ మూడు బారల వెడల్పు ఉంది. గోడ కిందికి వచ్చేసరికి దాన్ని ఒకే ఒక సిమెంటు గొట్టంలోకి తిప్పారు. గోడ కట్టిన నాడు పైన పొలాలు ఉండేవి, వాన నీటిలో చాలా భాగం నేలే తాగేది. ఇప్పుడు పైనంతా సిమెంటు. పడిన ప్రతి చుక్కా ఆ గొట్టం దగ్గరికే వస్తుంది. ఎగువ వీధిలో ప్రతి ఇంటి గడప మీదా ఇటుకల వరస అదనంగా కనిపించింది. నీరు లోపలికి రాకుండా ఇంటివారే కట్టుకున్నవి. వాటి ఎత్తులు కొలిచి, ఏ ఇంట్లో ఎంత నీరు వచ్చిందో పటం గీశాం. ఆ పటానికి అధికారిక లెక్క ఏదీ అవసరం కాలేదు.

మా సిఫార్సులు ఎక్కువ లేవు. ప్రణాళిక హద్దుగా వార్డును కాకుండా గోడను తీసుకోవాలన్నాం. ప్రతి గోడ పొడవునా ఇరువైపుల వారినీ కూర్చోబెట్టి దారి, నీరు, ఖాళీ స్థలం లెక్క తేల్చాలి. గోడను ఆనుకున్న మొదటి వరసలో కొత్త అంతస్తులకు అనుమతి ఆపాలి, అందుకు బదులుగా ఇంటివారికి వేరే చోట హక్కు ఇవ్వాలి. మూతపడిన కర్మాగారాల నేలను ఇంకో గోడ కట్టేవారికి అప్పగించే ముందు మట్టి పరీక్ష చేయించి, కొంత భాగం ఊరికి అడ్డదారిగా వదలాలి. కాలనీ బస్టాపుల బోర్డుల మీద పోయిన గ్రామాల పేర్లు రాయాలి.

గొట్టం పక్కన రెండో గొట్టం వేయడానికి ఒప్పుకున్నారు. అది మంచి మార్పే. కొత్త అంతస్తుల మాట ముందుకు కదల్లేదు. నిజానికి అందులో మా లోపం కూడా ఉంది. ఇంటివారికి ఇచ్చే హక్కు ఎక్కడ, ఎంత అన్నది మేము వివరంగా రాయలేదు. పై అంతస్తు అద్దె మీద కూతురి పెళ్లి అప్పు తీర్చుకుంటున్న మనిషిని ‘ఆపండి’ అని మాత్రం అడిగాం. ఆ పని మళ్లీ చేస్తే అక్కడి నుంచే మొదలుపెడతాను. ఊళ్ల పేర్ల బోర్డులకు ఖర్చు చాలా తక్కువ. అయినా అది ప్రణాళిక కిందికి రాదన్నారు. పెద్దావిడ ఊరి పేరు మా నివేదిక అనుబంధంలో, మిగతా గ్రామాల పేర్లతో పాటు ఉంది.

ఇనుప తలుపు విషయంలో సంస్థవారు సహకరించారు. కిందటి వారం వెళ్లి చూశాను. పాత తాళం తీసి కొత్తది వేశారు. తాళం చెవి ఒకటి లోపలి కాపలాదారు దగ్గర, ఒకటి బడ్డీ కొట్టులో మేకుకు వేలాడుతోంది. కొట్టు పెద్దాయన తీసి చూపించారు. తలుపు తీశాం. అది వీధి వైపుకు తెరుచుకుంది. సైరన్ మోగిన వేళ వందల మంది ఆ మలుపు తిరిగి తలుపు మీద పడితే, దాన్ని ఇవతలికి లాగడానికి చోటుండదు. బందులు మార్చి తలుపు అవతలికి తెరుచుకునేలా బిగించాలని ఆ రాత్రే ఉత్తరం రాశాను. జవాబు రావాల్సి ఉంది.